కోడి డబ్బాలు

పోయిన నెల మా మేనకోడలి కొడుకు పెళ్ళికి మంచిర్యాల పోయినప్పుడు, ఫంక్షన్ హాలులో మనిషెత్తుకు మించి పేర్చిన నల్లని స్పీకరు పెట్టెల పక్కన నాకు కుర్చీ వేశారు. ముసలివాళ్ళకు ఎలాగూ సరిగా వినబడదు, ఎక్కడ కూర్చున్నా ఒకటేనని వాళ్ళ ఉద్దేశం కాబోలు. ప్రతి పెట్టె ముఖం మీదా రెక్కలు చాచిన గద్ద బొమ్మ లోతుగా చెక్కి ఉంది. ఎవరూ చూడకుండా వేలితో అంచు తడిమాను. ఎక్కడా పొర లేవలేదు, ఉలి జారిన జాడ లేదు. పెట్టెల యజమాని, ముప్పై ఏళ్ళవాడు, నా వాలకం చూసి, "ఏం తాతా, షాక్ గిట్ల కొడ్తదేమోనని సూస్తున్నవా?" అని నవ్వాడు. ఇది చేతిపని కాదనీ, కంప్యూటరుకు కట్టిన మిషను చెక్కుతుందనీ, బొమ్మ ఇస్తే ఎన్ని కావాలంటే అన్ని ఒకే తీరుగా తీసిపెడుతుందనీ చెప్పి, "నీగ్గూడ ఏదన్నా గుర్తు కావాల్నా? ఫొటో ఉంటె పట్కరా, మల్ల మీ ఇంటి ముంగట పెడ్త" అన్నాడు. ఫొటో లేదు. ఉంటే ఇదంతా రాయవలసిన అవసరం వచ్చేది కాదు.

మైకుసెట్టు అంటే మన చిన్నతనంలో ఎంత వైభవమో నా ఈడువాళ్ళకు చెప్పనక్కరలేదు. మేము భోంగా అని పిలుచుకునే ఆ పెద్ద గరాటును పందిరి గుంజకు కట్టి పాట పెడితే, గోదావరి ఒడ్డున బట్టలుతికేవాళ్ళకు కూడా ఇవాళ ఏ ఇంట్లో పెళ్ళో తెలిసిపోయేది. మా అన్నకు మంచిర్యాల స్టేషను బజారులో మైకుల దుకాణం ఉండేది. హైదరాబాదు రాజ్యం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొన్నేళ్ళ తరువాతి మాట ఇది. ఎనిమిదో తరగతితో బడి మానేసిన నేను పగలు ఆ దుకాణంలో తెగిన తీగలకు సీసంతో టాకాలు వేసేవాణ్ణి, సాయంత్రం లైబ్రరీలో కూర్చునేవాణ్ణి. చెరుకు సాగు నుంచి నక్షత్రాల దాకా ఆ బీరువాల్లో నేను చదవని పుస్తకం లేదని ఇప్పటికీ కొంచెం గర్వమే. అక్కడే ఒక పాత విజ్ఞాన పత్రికలో, గరాటు దూరానికి మంచిదే కానీ పందిట్లో కూర్చున్నవాళ్ళకు గీరుకుపోయిన గొంతులా వినిపిస్తుందనీ, స్పీకరును చెక్కపెట్టెలో బిగిస్తే పాట నిండుగా వస్తుందనీ చదివాను. వెంటనే పరుగెత్తి అన్నకు చెబితే, "నీ పుస్తకాలల్ల పెండ్లి పిల్లను గూడ ఇస్తరారా?" అని ఎగతాళి చేశాడు కానీ, మరునాడు తానే చాయ్‌పత్తి దుకాణం నుంచి ఖాళీ పెట్టెలు మోయించుకొచ్చాడు. ఆ రోజుల్లో ప్లైవుడ్ అంటే మాకు దొరికింది చాయ్‌పత్తి పెట్టెలే. పలక పలచగా ఉంటే అదురుతుందని పత్రికలో ఉందని నేను పట్టుబట్టడంతో, రెండేసి పలకలను సరేసు జిగురుతో అంటించి, బరువులు పెట్టి ఆరబెట్టి, రెండు పెట్టెలు తయారుచేశాము. ఎంత కడిగినా వాటికి చాయ్‌పత్తి వాసన పోలేదు.

మా నాన్న, మేము బాపు అనేవాళ్ళం, అప్పటికి మా దగ్గరే ఉంటున్నాడు. నిర్మల్‌లో బొమ్మలు చేసే నకాషీ పని ఆయనది. దూదిలా మెత్తగా ఉండే పొనికి కర్రతో జన్మంతా చిలకలు, జింకలు, సీతాఫలాలు చేశాడు. అవి ఏ ఊళ్ళో ఎవరి అద్దాల బీరువాలోకి పోయాయో ఆయనకు తెలియదు, ఎవరు చేశారో కొన్నవాళ్ళకూ తెలియదు. చూపు మసకబారి, మా అమ్మ కూడా పోయాక, అన్న ఆయన్ను మంచిర్యాల తీసుకొచ్చాడు. పని లేక, ఊరు తెలియక, దుకాణం మెట్ల మీద కూర్చుని వచ్చేపోయే రైళ్ళ చప్పుడు వింటుండేవాడు. మా పెట్టెలు తయారైన రోజున వాటి ముందుభాగాన్ని అరచేత్తో నిమిరి, "ముక్కూ మొగం లేని మనిషి లెక్కున్నయి, గిట్లనే పెండ్లికి తోల్కపోతరా?" అన్నాడు.

ఎటూ స్పీకరు ముందు శబ్దం బయటికి రావడానికి చెక్కను కోయవలసిందే కనుక, ఆ కోత ఏదో బొమ్మ చుట్టూ కోస్తానన్నాడు. ఏం బొమ్మ అంటే, ఊరిని నిద్ర లేపేది కోడిపుంజే కదా, మీ మైకు చేసే పనీ అదే అన్నాడు. పొనికి మీద పోయినట్టు ఉలి పోనిస్తే మొదటిరోజే ప్లైవుడ్ పొరలు పొరలుగా లేచింది. పొనికి పిల్ల వంటిది, చెప్పినట్టు వింటుంది, ఇది ఒక్కో పొర ఒక్కో దిక్కు లాగే మూడు కొంపల సంసారమని తిట్టుకుని, ముందు కత్తిమొనతో గీత తెంచి, తరువాత గీత లోపలివైపే ఉలి దించే పద్ధతి తానే కనిపెట్టాడు. చూపు ఆననిచోట బొటనవేలితో లోతు చూసుకునేవాడు. పుంజు ఊడిపోకుండా అక్కడక్కడ అతుకు వదిలి, చుట్టూ తీగరంపంతో కోసి, వెనక ఎర్రగుడ్డ బిగించాము. మెడ మీద ఒక్కొక్క ఈక, కొడవళ్ళలా వంగిన తోక, కాలి ముల్లు, అన్నిటికన్నా మిన్నగా నెత్తిన అగ్గిరవ్వలు లేచినట్టున్న తురాయి. రెండు పెట్టెల మీదా రెండు పుంజులు, ఎదురెదురుగా పెడితే పందేనికి దిగినట్టుండేవి.

తరువాత మా దుకాణం పేరు ఎవరూ పలకలేదు. పెళ్ళివారు వచ్చి, "కోడి డబ్బాలు ఖాళీగున్నయా?" అనే అడిగేవారు. జమ్మికుంట నుంచి కూడా మనుషులు వచ్చారు. ప్రతి పెళ్ళికీ బాపు ఉతికిన ధోతి కట్టుకుని మా వెంట వచ్చి, పెట్టెల పక్కన నేల మీద కూర్చునేవాడు. పిల్లలు పుంజు ముక్కులో వేలు పెడుతుంటే కసిరేవాడు కాదు. ఎవరైనా ఎవరు చెక్కారని అడిగితే, ముందు పుంజు తోక మీది దుమ్ము తుడిచి, "నేనే" అనేవాడు. ఆ ఒక్క మాటను ఆయన జీవితంలో అంతకు ముందు ఎవరికీ చెప్పుకోలేదని నాకు అప్పుడు తోచలేదు.

ఆ తరువాత ఎన్నికలు వచ్చాయి. అన్నకు దుకాణం గది ఇచ్చిన ఆసామి నిలబడ్డాడు, మైకుసెట్టు ఆయనకేనని అన్న ముందే మాట ఇచ్చాడు. గుర్తులు పంచిననాడు ఆయన ఎదిరికి వచ్చిన గుర్తు కోడిపుంజు. సాయంత్రానికల్లా ఆసామి బామ్మర్ది దుకాణం ముందు నిలబడి, "మా బావ గొంతు పగిలేటట్టు మొత్తుకునుడు, జనమేమొ మీ డబ్బను సూసి కోడికి గుద్దుడు. మంచిగున్నది మీ ఇమానం" అన్నాడు. ఎదిరిపక్షం వాళ్ళూ వచ్చారు, దేవుడిచ్చిన గుర్తని నవ్వుతూ డబ్బాలు తమకిమ్మని అడిగారు. అన్న మాట తప్పలేదు. భోంగాలతో సరిపెడతానంటే, వాకిట్లో సభలకు డబ్బాలే కావాలని ఆసామి పట్టు. మందపు గుడ్డ కప్పి చూశాము, పాట దుప్పటి కింద పడుకున్నట్టయింది. కాగితం అంటిస్తే పాటకు చినిగింది. ఎదురు పలక ఊడదీసి లోపలివైపు బయటికి తిప్పి బిగించాను. బామ్మర్ది అటూ ఇటూ చూసి, "అటు తిప్పితె కోడే, ఇటు తిప్పితె కోడే. తమ్మీ, నీ లైబ్రరీల గింతే రాసిండ్రా?" అన్నాడు. మళ్ళీ అసలువైపే బిగించాను. రేపటికల్లా పుంజు కనబడితే గది ఖాళీ చేయవలసి వస్తుందని, కోపంగా కాదు, బాధపడుతున్నట్టే చెప్పి వెళ్ళాడు. ఈ మాటలన్నీ మెట్ల మీద కూర్చున్న బాపు వింటూనే ఉన్నాడు. ఆయనను ఎవరూ ఏమీ అడగలేదు.

మరునాడు పొద్దున అన్నా నేనూ కొత్త చెక్క దొరుకుతుందేమోనని బజారంతా తిరిగాము. చాయ్‌పత్తి పెట్టెలు ఆ వారం ఎవరి దగ్గరా లేవు. మధ్యాహ్నం తిరిగి వచ్చేసరికి బాపు ఒళ్ళో ఉలి ఉంది. రెండు పుంజులకూ తురాయి లేదు, తోక లేదు, కాలి ముల్లు లేదు. మిగిలిన బొద్దు పిట్ట ముక్కును కూడా కొంచెం మొండి చేసి పావురాన్ని చేశాడు. బాపే, "గట్ల సూడకుండ్రి. పాణం దీయలే, తురాయే తీసిన. దుకాణం ఉంటె సాలు" అన్నాడు. వెనక వంటింట్లోంచి వచ్చిన వదినె చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, "జర ఆగు మామా అంటె ఇనలే, నన్ను పోయి బువ్వ వండుమన్నడు" అంది. నేను ఆ తురాయి ముక్కల కోసం నేలంతా వెతికాను. వదినె అప్పటికే ఊడ్చి, పొట్టుతో పాటు పొయ్యిలో వేసేసింది. ఆమెకు మాత్రం ఏం తెలుసు?

అన్నిటికన్నా నన్ను బాధపెట్టిన సంగతి, చెక్క తగ్గి సందు పెరగడం వల్ల ఆ సాయంత్రం డబ్బాలు మునుపటికన్నా బాగా మోగాయి. అది అలాగే జరుగుతుందని పత్రికలో చదివిందే, అయినా ఎవరికీ చెప్పలేదు. పిల్లలు మాత్రం "బోడి కోడి" అని చప్పట్లు కొట్టారు. ఆ ఎన్నికల్లో ఎవరు గెలిచారో ఎంత తలుచుకున్నా గుర్తు రావడం లేదు.

దుకాణం నిలిచింది. అన్న తరువాత మంచి చెక్క తెచ్చి ముందు పెడితే, బాపు నిమిరి చూసి, "శెయ్యి వణుకుతుందిరా" అన్నాడు. చెయ్యి అంతకుముందూ వణికేది. పెళ్ళిళ్ళకు రమ్మన్నా మళ్ళీ రాలేదు. కోడి డబ్బాలని అడిగేవాళ్ళు కూడా మెల్లగా మానుకున్నారు. ఆయన పోయాక కొన్నాళ్ళకు పెట్టెలకు చెదలు పట్టింది.

ఇప్పుడు ఒక బొమ్మ చెడితే మిషను మళ్ళీ అదే బొమ్మను తీస్తుంది, కనుక ఎవరూ దేనికీ అంతగా బాధపడనక్కరలేదు. ఇది మంచి కాలమే, కాదనను. పెళ్ళి నుంచి వచ్చాక, ఆ స్పీకరు పెట్టెల యజమానికి బాపు పుంజును గీసి ఇద్దామని తెల్లకాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. మెడ మీది ఈకలు వస్తాయి, గుండ్రని పొట్ట వస్తుంది, కన్ను కూడా వస్తుంది. తురాయి దగ్గరికి వచ్చేసరికి పెన్సిలు ఆగిపోతుంది. ఎన్ని కాగితాలు పెట్టుకున్నా నా చేతికి వచ్చేది ఆ పావురమే.