కాలువ క్యాంపు లెక్కల సారు

నేను బడి చివరి తరగతి హెచ్చెస్సీకి వచ్చిన ఏడు మా బడిలో లెక్కల సారు లేడు. ఎండాకాలంలో బదిలీ అయి వెళ్లినాయన స్థానంలో దసరా దాటినా ఎవరూ రాలేదు. లెక్కల పీరియడు వస్తే మా చేత మొక్కలకు నీళ్లు పోయించేవారు. పరీక్ష మాత్రం ఎవరి కోసమూ ఆగదు. లెక్కల్లో తప్పితే మొత్తం తప్పినట్టే. తప్పితే మళ్లీ బడి ముఖం చూసేది లేదని అమ్మ ముందే చెప్పేసింది.

బాపు నన్ను సైకిలు మీద కూర్చోబెట్టుకొని హాలియా బడి హెడ్మాస్టరు దగ్గరికి తీసుకుపోయాడు. లెక్కలు చెప్పేవాళ్లు ఎవరైనా ఉంటే చూపించమని అడిగాడు. ఆయన పత్రికలోంచి తల ఎత్తకుండానే, "ఆడపిల్లనే గదనయ్యా, గింత ఫికరెందుకు? తప్పితే తప్పుతది," అన్నాడు. ఆ గదిలో రెండు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. బాపును కూర్చోమనలేదు. బాపు భుజం మీది తువ్వాల తీసి చేతిలో పట్టుకొని, మేము బయటికి వచ్చేదాకా నిలబడే ఉన్నాడు.

తరువాత బజారులో ఒక బట్టల దుకాణం వారి అబ్బాయి పట్నంలో చదివి వచ్చాడని తెలిసి వాళ్లింటికి వెళ్లాం. అతను సరేనన్నాడు. మరునాడు పుస్తకాలు పట్టుకొని వెళ్తే వాళ్లమ్మ గడపకు అడ్డంగా నిలబడింది. "మా పిలగానికి సంబంధాలొస్తున్నయి. ఈడొచ్చిన పిల్ల రోజొచ్చి ఇంట్ల కూసుంటే నలుగురేమంటరు?" అని నా ఎదురుగానే అడిగింది. లోపల ఉన్న అతను బయటికి రాలేదు. నేను ఆ దుకాణంలో ఆ తరువాత జాకెట్టు గుడ్డ కూడా కొనలేదు.

అప్పుడు మా ఊరి పక్కన సాగర్ కాలువ సర్వే నడుస్తోంది. గుడారాలు వేసుకొని క్యాంపు దిగింది. అందులో నక్షాలు గీసే కుర్రవాడు ఒకడు కృష్ణ అవతలి ఒడ్డు నుంచి వచ్చాడు. లెక్కల్లో మంచివాడని క్యాంపుకు పాలు పోసే ఆమె చెప్పింది. బాపు ఆ సాయంత్రమే వెళ్లాడు.

"డబ్బులొద్దండీ," అన్నాడట ఆయన. "రోజూ ఓ పూట భోజనం పెట్టించండి చాలు. ఇక్కడి వంట తిని తిని కడుపు పాడైపోయింది."

మేము తినే జొన్న గట్క, అంటే జొన్నరవ్వ సంకటి, ఆయనకు పడదు. అందుకని పండుగలకు దాచిన వడ్లు అమ్మ దంచి వండేది. ఆయన అన్నం తినేవాడు, మేము గట్క తినేవాళ్లం. ఆ అన్నం వాసన చూస్తూ లెక్కలు చేయడం ఎంత కష్టమో ఆయనకు తెలిసి ఉండదు. నేను "గట్లనా సార్" అంటే ఆయన "గట్లనే గట్లనే" అని నన్ను వెక్కిరించి నవ్వేవాడు. అదీ నాకు గుర్తే. కానీ చెప్పడం మాత్రం బాగా చెప్పేవాడు. జామెట్రీ అంటే నాకున్న భయం తీసింది ఆయనే. మా వాకిట్లో రెండు మేకులు పాతి, తాడు లాగి గీత గీసేవాడు. ఆ గీతకు అంతటా ఒకే ఎడంలో ఇంకో గీత ఎలా గీయాలో కొలిచి చూపించేవాడు.

మా పెద్దబాపు, అంటే బాపు సొంత అన్న, ఉండేది ఆ వాకిలికి అటువైపే. రోజూ చుట్ట తాగుతూ మొండిగోడ మీద కూర్చొని అంతా చూసేవాడు. ఆయన మెట్ట చెల్కకు నడుమనుంచే కాలువ గీత పోయింది. రెండు వైపులా హద్దురాళ్లు పాతి పోయారు.

"నా భూమిని నడిమికి కోసినోనికి వరన్నం వండి పెడుతున్నవారా తమ్మీ?" అన్నాడు ఒకనాడు, సారు వింటూ ఉండగానే.

"ఆయన గీసింది కాయిదం మీదనే. ఎక్కడ గీయాల్నో పైనోళ్లు చెప్తరు. పిల్ల పరీక్ష అయ్యేదాంక జర ఊకో అన్నా," అని బాపు బతిమాలాడు.

మా ఊళ్లో పొలం తగాదా వస్తే అందరూ హద్దురాయినే చూస్తారు. రాయి ఎక్కడుంటే గెట్టు అక్కడే. కాలువకు కూడా అదే న్యాయం అనుకున్నాడు పెద్దబాపు. సంక్రాంతి దాటిన తరువాత ఒక పొద్దున చూస్తే, రాళ్లన్నీ చెల్క దాటి అవతలి బంజరులోకి జరిగి ఉన్నాయి. ఒక్కటి కూడా వంకర లేదు. ఎంత జరిపాడో అన్నింటినీ అంతే జరిపాడు. ఆయన కొట్టంలో ఎర్రమట్టి పట్టిన మోకును నేను కళ్లారా చూశాను.

జీపులో ఇంజనీరు వచ్చాడు. ఊరంతా చేరింది. ఆయన రాళ్ల వెంట ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచి, మా సారు వైపు తిరిగాడు.

"ఇంత తిన్నగా జరపడం పల్లెటూరి వాళ్ల వల్ల అయ్యే పనేనటయ్యా? నువ్వు రోజూ ఇక్కడెవరింట్లోనో భోంచేస్తున్నావట కదా?"

"పాఠం చెప్తున్నానండీ. నాకేం తెలీదండీ," అన్నాడు సారు.

"ఎవరింట్లో?"

ఊరి వాళ్లు మా బాపును చూపించారు. చెల్క ఎవరిదని అడిగితే ఆ ఇంటాయన సొంత అన్నదేనని అదీ చెప్పారు. పెద్దబాపు జనంలో వెనక్కి జరిగాడు. నేను ఆగలేకపోయాను. "సారుకేం దెల్వది. మా పెద్దబాపే జరిపిండు. మా వాకిట్ల సారు గీత గీస్తుంటే చూసి నేర్సుకున్నడు," అని అందరి ముందూ చెప్పాను.

ఇంజనీరు నవ్వాడు. "అబద్ధాలు కూడా బాగానే నేర్పావయ్యా పిల్లకి," అన్నాడు సారుతో. పెద్దబాపును ముందుకు పిలిపించి అడిగాడు.

"నేను ఏలిముద్రగాన్ని దొరా. కొలతలు గిలతలు నాకేమెరుక?" అన్నాడు పెద్దబాపు చేతులు కట్టుకొని.

నిజం చెప్పిన నా మాట అబద్ధమైంది. అబద్ధం చెప్పిన ఆయన మాటకు అందరూ తలలూపారు. మా బంధువులు కూడా ఊపారు. ఎవరెవరు ఊపారో నాకు తెలుసు. మరునాడే సారును ఎక్కడో దూరపు క్యాంపుకు పంపేశారు. పోతూ మా ఇంటి వైపు కూడా రాలేదు. రాళ్లను మళ్లీ పాత జాగాలోనే పాతారు.

బాపు తన అన్న కాళ్లు పట్టుకున్నంత పని చేశాడు. "నువ్వొక్క మాట ఒప్పుకుంటే సారును మల్ల పంపుతరే. పరీక్ష దగ్గరికొచ్చిందే. సగం పుస్తకం అట్లనే ఉన్నది."

"నన్ను జేలుకు పొమ్మంటవా? నా చెల్క పోయింది, నీ బిడ్డ లెక్కలు పోయినయి. ఇద్దరికి సమానమే పో," అన్నాడు పెద్దబాపు.

ఆ తరువాత బాపు సైకిలు వేసుకొని తిరగని ఊరు లేదు. అప్పటికి కాలువ వెంట ముందుకు జరిగిన క్యాంపు దగ్గరికి కూడా వెళ్లాడు. మా ఊరి పేరు చెప్పగానే అక్కడి మనిషి, "మీ ఊరా? ఇంకో కుర్రాణ్ణి కూడా బదిలీ చేయిస్తారా ఏంటి?" అని బయటినుంచే పంపేశాడు. నేను సారు చెప్పినంత వరకు నేర్చినదాన్నే మళ్లీ మళ్లీ చేసుకుంటూ కూర్చున్నాను. మిగతా సగం ఎన్నిసార్లు చదివినా అర్థం కాలేదు. పుస్తకం ముందు పెట్టుకొని ఏడ్చిన రోజులు కూడా ఉన్నాయి.

ఫలితాల పత్రికలో నా నంబరు లేదు. బాపు హాలియా బస్టాండులో అదే పేజీని పైనుంచి కిందికి మళ్లీ మళ్లీ చూశాడు. ఇంటికి వచ్చేసరికి అమ్మ నా పుస్తకాలు మూటగట్టి పెట్టింది.

"ఇంకొక్క యాడాది చూద్దం. ఎవర్నన్న అడుగుత," అన్నాడు బాపు.

"ఎవర్ని అడుగుతవు?" అంది అమ్మ.

అడగవలసిన వాళ్లను అందరినీ బాపు అప్పటికే అడిగి ఉన్నాడు. జూన్‌లో బడి తెరిచారు. ఆ ఏడు కూడా లెక్కల సారు రాలేదు.