ఎదురింటికి రాసిన మంచిమాటలు

నాలుగు నెలల్లో ఆమెకు ఇది మూడో నగరం, మూడో దేశం కూడా. ఇల్లు వీపున వేసుకు తిరుగుతోందని అన్నయ్య ఆమెకు నత్త అని పేరు పెట్టాడు. ఇంటర్నెట్ బాగున్న చోట ఆ నత్త ఆగేది, దూరాన ఉన్న ఎవరెవరికో రాతపని చేసిపెట్టేది. ఎవరెవరికో అన్నది ఇంట్లోవాళ్ళకు చెప్పే మాట. నిజానికి ఉన్నది ఒక్క క్లయింటే. హోటళ్ళకు ఆన్‌లైన్‌లో ప్రచారం చేసిపెట్టే మనిషి.

ఈసారి దిగింది, మేడ మీద నాలుగు గదులు అద్దెకిచ్చే ఒక తెలుగావిడ ఇంట్లో. "ఆంటీ గీంటీ వద్దు, పిన్నీ అను చాలు," అందావిడ మొదటిరోజే. తువ్వాళ్ళు మేడమీద ఎండలో ఆరేసి, వెచ్చగా ఉండగానే తెచ్చిచ్చేది. పొద్దున్నే మెట్ల దగ్గర నిలబడి, "నిద్ర పట్టిందా" అని అడిగేది. అన్నయ్య పెట్టిన పేరు చెబితే నవ్వి, తనూ నత్తమ్మా అనసాగింది.

వారం తిరక్కుండా క్లయింటు కొత్త పని పంపాడు. సందులో ఎదురుగా ఉన్న గెస్ట్‌హౌస్‌కు తొమ్మిది రివ్యూలు కావాలి, బస చేసినవాళ్ళే రాసినట్టు. "ఆ వీధిలోనే ఉన్నావుగా, నల్లేరు మీద నడక," అన్నాడు.

వెళ్ళి చూసొద్దామనే అనుకుంది. కానీ కొత్త గుమ్మం తొక్కాలంటే ఆమెకు నాలుక పిడచకట్టుకుపోతుంది. గదిలోనే కూర్చుంది. ఊరికే బాగుంది, బాగుంది అని రాస్తే ఎవరూ నమ్మరు. ఆ ఊళ్ళో ఆమె ఎరిగిన గెస్ట్‌హౌస్ ఒక్కటే, పిన్నిది. అలా వెచ్చని తువ్వాళ్ళు సందు దాటి ఎదురింటికి వెళ్ళిపోయాయి. వాటి వెంటే పొద్దుటి పలకరింపూ వెళ్ళింది. క్లయింటు తెగ మెచ్చుకున్నాడు.

నెల తిరిగేసరికి పక్క గదులు రెండూ ఖాళీ అయ్యాయి, మళ్ళీ నిండలేదు. ఒక మధ్యాహ్నం పిన్ని ఫోను పట్టుకుని వచ్చి మంచం అంచున కూర్చుంది.

"చూశావా నత్తమ్మా, ఎదురావిడ తువ్వాళ్ళు ఎండలో ఆరేస్తుందట. ఆ మేడమీద బట్టలారేసే తీగ కూడా లేదే."

ఆమె లాప్‌టాప్ మూత దించింది.

"పొద్దున్నే అందరినీ పలకరిస్తుందట కూడా. ఇరవై ఏళ్ళుగా నాతో మాత్రం పలుకే బంగారం." పిన్ని నవ్వింది. "పోనీలే, మనిషి మారిందేమో. నేనే ఇంకాస్త బాగా చూసుకోవాలి వచ్చినవాళ్ళని. చదువుకున్నదానివి, చెప్పు, నాలో లోపమేంటి?"

"ఏమీ లేదు పిన్నీ."

"మొహమాటపడకు. పోనీ, నాకూ నాలుగు మాటలు రాసిపెట్టు. ఉన్నవే రాయి, గొప్పలొద్దు."

లాప్‌టాప్ మళ్ళీ తెరిచింది. ఉన్నవన్నీ ఇప్పటికే ఎదురింటి పేరు కింద ఉన్నాయి. ఇప్పుడు రాస్తే పిన్నే పులిని చూసి వాతలు పెట్టుకున్న నక్కలా కనిపిస్తుంది.

"ఏం, మాటలకు అంత కరువొచ్చిందా నా ఇంటికి?"

"అవి నేనే రాశాను పిన్నీ," అంది తలెత్తకుండా. "ఎదురింటివి. తొమ్మిదీ నావే."

పిన్ని ఫోను దగ్గరకు తెచ్చుకుని మొదటినుంచి మళ్ళీ చదివింది. "ఆ ఇంట్లోకి ఎప్పుడైనా వెళ్ళావా?"

"లేదు."

"అయితే ఇదంతా నన్ను చూసి రాసిందే." తిడితే బాగుండుననిపించింది ఆమెకు. "ఇంత బాగుందని నాతో ఒక్కసారైనా అనలేదే, అమ్మాయ్."

లేచి, తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది.

ఆమె ఆ తొమ్మిదీ తీసేయమని క్లయింటుకు రాసింది. తీయకపోతే అవి దొంగ రివ్యూలని తానే ఆ సైటువాళ్ళకు చెబుతానంది. గంటలో జవాబొచ్చింది: తీసేశాం, ఇక మన మధ్య పనేమీ లేదు.

ఆ మాట చెబుదామని సగం మెట్లు దిగింది. కింద పిన్ని ఫోనులో ఎవరికో గదుల సంగతి చెబుతోంది. "ఏముందండీ, అందరివీ ఎలా ఉంటాయో అలాగే. మామూలు గదులే."

ఎండలో ఆరిన తువ్వాళ్ళ మాటే ఎత్తలేదు. ఆమె సగం మెట్ల మీదే ఆగిపోయింది.