సర్వీస్ సెంటర్ ముంగిట్లో క్లచ్చక్క

ఆవిడ దగ్గర కారు నేర్చుకున్నవాళ్ళెవరూ ఆవిడని పేరు పెట్టి తలుచుకోరు. పక్క సీట్లో కూర్చుని "క్లచ్చు! క్లచ్చు తొక్కవమ్మా, కాళ్ళు ఇంట్లో పెట్టి వచ్చావా?" అని అరిచే అరుపును ఎవరో పట్టుకుని క్లచ్చక్క అన్నారు. అదే స్థిరపడిపోయింది. నలభై దాటిన మనిషి. కోపం ముక్కు మీదే ఉండేది. ఆవిడ తిట్టని రోజున శిష్యులే కంగారుపడేవాళ్ళు, అక్కకి ఒంట్లో బాగాలేదేమోనని.

ఆవిడ మొదట్లో మార్కెట్ మలుపులో ఉన్న డ్రైవింగ్ స్కూల్లో పనిచేసేది. అక్కడి ఓనరు ఉన్నవాటిలోకెల్లా డొక్కు కారు ఆవిడకిచ్చి, ఆడవాళ్ళని మాత్రమే అప్పగించేవాడు. ఒకరోజు ఆవిడ మంచి కారు అడిగితే, నలుగురి ముందూ పకపకా నవ్వాడు. "నువ్వు నేర్పితే మగాళ్ళు నేర్చుకుంటారా?" అన్నాడు. ఆవిడ చేతిలోని తాళంచెవిని అతను తాగుతున్న టీ గ్లాసులో పడేసి, చెప్పులేసుకుని వచ్చేసింది.

సొంత కారు కొనాలనుకున్నప్పుడు మరిది మధ్యలో దూరాడు. భర్త తమ్ముడు. అదే ఇంట్లో కింది వాటాలో ఉంటాడు, ఒక కార్ల కంపెనీ సర్వీస్ సెంటర్లో కౌంటర్ దగ్గర పనిచేస్తాడు. పాలిష్ పెట్టిన బూట్లు, మెడలో కార్డు, ఎవరు కనబడినా అలవాటైన నవ్వు.

"వదినా, మా కంపెనీ కొత్త మోడల్ తీసుకో. నేనున్నాను కదా, రేపు ఏ చిన్న రిపేరొచ్చినా నువ్వు లైన్లో నిలబడక్కర్లేదు" అన్నాడు.

"సరే, నీ మాట మీదే కొంటున్నాను. తర్వాత మొహం చాటేస్తే ఊరుకోను" అంది.

కొన్నది. పక్క సీటు కింద కూడా బ్రేకూ క్లచ్చూ పెట్టించింది. రెండో వర్షాకాలం దాటేసరికి ముందు అద్దం పక్కన ఈలలాంటి శబ్దం మొదలైంది. అద్దానికి రెండు వైపులా పైనుంచి కిందికి నల్లటి ప్లాస్టిక్ పట్టీ అంటించి ఉంటుంది. బీడింగ్ అంటారు దాన్ని. డ్రైవరు వైపుది వేలితో నొక్కితే కదులుతోంది.

ఆ సాయంత్రం మెట్ల దగ్గర మరిదిని ఆపి చెప్పింది. అతను ఫోన్లోంచి తల ఎత్తలేదు.

"గాలి శబ్దం వదినా. ఈ మోడల్‌కి మామూలే."

"గాలికి పట్టీ కదులుతుందిట్రా?"

"నువ్వు మరీను. ఒకసారి తీసుకురా, చూద్దాం."

తీసుకువెళ్ళింది. కుర్రాడెవడో వచ్చి అరచేత్తో రెండు దెబ్బలేసి, అంటుకుందన్నాడు.

ఆ తర్వాత కొద్ది రోజులకే బైపాస్ రోడ్డు మీద ఆ ఘోరం జరిగింది. స్టీరింగ్ దగ్గర మందుల షాపులో పనిచేసే అమ్మాయి ఉంది. పెద్ద రోడ్డు ఎక్కడం ఆ పిల్లకి అదే మొదలు. వేగం పెరిగిందో లేదో, పట్టీ కింది కొస ఊడి అద్దాన్ని ఫట్ ఫట్‌మని కొట్టడం మొదలుపెట్టింది. ఆ అమ్మాయి కెవ్వున కేకవేసి, రెండు చేతులూ స్టీరింగ్ మీంచి తీసేసింది. క్లచ్చక్క ఒక చేత్తో స్టీరింగ్ పట్టుకుని మెల్లగా బ్రేకు తొక్కింది. అంతలో పట్టీ పూర్తిగా ఊడి, కొరడాలాగా వెనక్కి ఎగిరిపోయింది.

వెనకాల మోటారు సైకిలు మీద ఇళ్ళకి రంగులేసే మనిషి వస్తున్నాడు. అది అతని భుజానికి తగిలింది. బండి అదుపు తప్పి పక్కకి ఒరిగింది. వెనక కట్టుకున్న రంగు డబ్బా పగిలి రోడ్డంతా తెల్లగా అయిపోయింది. అందులోంచి లేచి నిలబడ్డాడు, మణికట్టు వేలాడుతోంది.

"ఊడిపోయే డొక్కులేసుకుని రోడ్డెక్కుతారేంటి? మీ కళ్ళకి మేం మనుషుల్లా కనబడమా?" అని మొదలుపెట్టి, నోటికొచ్చినదల్లా తిట్టాడు. ఎప్పుడూ ఒక మాటకి నాలుగు మాటలు అప్పజెప్పే క్లచ్చక్క, ఆ రోజు ఆ తిట్లన్నీ పడింది. చున్నీ తీసి అతని చేతికి కట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. అక్కడికి అతని భార్య వచ్చింది. క్లచ్చక్క అందించిన మంచినీళ్ళ సీసాని మోచేత్తో పక్కకి తోసేసింది. మందుల షాపు అమ్మాయి మళ్ళీ కారు నేర్చుకోవడానికి రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు కూడా.

తర్వాత వారం కంపెనీ నుంచి మెసేజ్ వచ్చింది. ఈ మోడల్ కార్లకి ముందు అద్దం పక్కనున్న పట్టీలు ఊడే ప్రమాదం ఉందని, అన్ని బళ్ళనీ రీకాల్ చేస్తున్నామని, ఉచితంగా మారుస్తామని, అంతవరకూ వేగంగా నడపవద్దని. చదువుతుంటే ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది. కంపెనీకి ముందే తెలుసన్నమాట!

మర్నాడు పొద్దున్నే కౌంటర్ ముందు నిలబడింది. మరిది ఆవిడని ఎప్పుడూ చూడనట్టు చూశాడు.

"చెప్పండి మేడమ్."

"మేడమ్ ఎవర్రా? నిన్న రాత్రి మా ఇంట్లో కూర వేసుకుని తిన్నది నువ్వే కదూ?"

వెనకాల నిలబడినవాళ్ళు కిసుక్కున నవ్వారు. అతని చెవులు ఎర్రబడ్డాయి. గొంతు తగ్గించి, "పట్టీలు ఇంకా రాలేదు వదినా. రాగానే ఫోన్ చేస్తాం" అన్నాడు.

ఫోన్ రాలేదు. ఆవిడే వెళ్ళింది. వచ్చే వారం అన్నారు. వచ్చే వారం వెళితే, ఆర్డర్ పెట్టాం, పైనుంచి రావాలి అన్నారు. చివరికి ఊడినచోట తనే నల్ల టేపు అంటించుకుంది. రెండో వైపు పట్టీకి కూడా కింద నుంచి పైదాకా టేపు వేసింది. వేగంగా పోకూడదు కాబట్టి పెద్ద రోడ్డు పాఠాలు ఆపేసింది. సందుల్లో తిరగడానికి ఎవరొస్తారు? ఒక్కొక్కరే జారుకున్నారు. మార్కెట్ మలుపు ఓనరు అయితే వచ్చినవాళ్ళందరికీ చెప్పి మురిసిపోయేవాడట: "ఆ కట్టుకట్టిన కారా? ఎక్కండి ఎక్కండి, ఇన్సూరెన్స్ ఉంటే ఎక్కండి."

ఒక ఆదివారం మధ్యాహ్నం పై వాటాలో అందరూ భోజనాలకి కూర్చున్నారు. అత్తగారు, భర్త, మరిది. కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేసే భర్త గొడవంటే ఆమడ దూరం పారిపోయే మనిషి. కంచంలోంచి చూపు ఎత్తడు.

"ఇంకా ఎన్నాళ్ళు తిప్పుతారు నన్ను?" అంది క్లచ్చక్క.

"అన్నం దగ్గర కూడా అదే గొడవేనా అమ్మాయ్?" అంది అత్తగారు. "వాడేం కంపెనీ ఓనరా? జీతగాడు."

"జీతగాడని తెలిసే అడుగుతున్నాను అత్తయ్యా. నన్ను కొనమన్నది ఓనరు కాదు, మీ అబ్బాయే."

మరిది చెయ్యి విదిలించి లేచాడు. "నన్నేం చెయ్యమంటావు? వచ్చినవన్నీ ముందు కొత్త బళ్ళకి వెయ్యమన్నాడు మేనేజరు. పట్టీ మార్చకుండా షోరూంలో బళ్ళు అమ్మడానికి లేదు. అవి అమ్ముడైతేనే మా బతుకు. పాతవాళ్ళని ఎలాగోలా నెట్టుకురమ్మన్నాడు, నెట్టుకొస్తున్నాను. చాలా?"

అనేసి నాలిక్కరుచుకున్నాడు.

"పట్టీలు వచ్చాయన్నమాట" అంది క్లచ్చక్క.

"నేను చెప్పానని ఎక్కడా అనకు వదినా."

ఆవిడ కంచాలు తీసింది.

మర్నాడు సర్వీస్ సెంటర్ తలుపులు తీసేసరికి టేపులేసిన కారు ముంగిట్లో ఉంది. ఆవిడకి మిగిలిన ఒకే ఒక్క శిష్యురాలు, బ్యూటీ పార్లర్ నడిపే ఆవిడ, స్టీరింగ్ దగ్గర కూర్చుంది. ఒక పక్క షోరూం అద్దాలు, ఒక పక్క సర్వీసుకొచ్చిన బళ్ళ వరస. మధ్యనున్న ఖాళీలో కారు ముందుకీ వెనక్కీ నత్తలా పాకుతోంది. "క్లచ్చు! క్లచ్చు! వెనక్కి చూడమ్మా, అద్దంలో నీ మొహం కాదు!" అనే కేకలు షోరూం లోపలికి వినబడుతున్నాయి.

మేనేజరు బయటికి వచ్చాడు. "మేడమ్, ఇది ప్రైవేటు స్థలం. ఇక్కడ డ్రైవింగ్ నేర్పడానికి వీల్లేదు."

"వేగంగా నడపొద్దని రాసింది మీరే కదండీ? ఇంతకంటే నెమ్మదిగా నడిపే చోటు ఈ ఊళ్ళో లేదు."

"సెక్యూరిటీని పిలుస్తాను."

"పిలవండి. ఆయనకీ నేర్పుతాను."

సెక్యూరిటీ ఆయన వచ్చాడు గాని, కదులుతున్న కారు ముందుకి వెళ్ళడానికి ఇష్టపడలేదు. పార్లర్ ఆవిడ ఎటు తిప్పుతుందో పార్లర్ ఆవిడకే తెలియదు మరి. రెండో రోజూ వచ్చారు, మూడో రోజూ వచ్చారు. మధ్యమధ్య కారు ఆపి, షోరూంలోకి వెళ్తున్నవాళ్ళని క్లచ్చక్క పిలిచేది. "కొత్త కారా అండీ? తీసుకోండి. ఊడిపోతే మాత్రం ఈ టేపు మంచిది, బాగా అంటుకుంటుంది." కొందరు నవ్వి లోపలికి పోయారు. ఒక జంట మాత్రం ఆ కారు చుట్టూ ఒకసారి తిరిగి చూసి, వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

అది చూశాక మేనేజరు ఆగలేకపోయాడు. కౌంటర్ దగ్గరికెళ్ళి మరిదితో, "మీ బంధువట కదా. నువ్వే పంపించెయ్" అన్నాడు. మరిది వచ్చి కారుకి అడ్డంగా నిలబడ్డాడు. పార్లర్ ఆవిడ తడబడింది. క్లచ్చక్క తన వైపు బ్రేకు తొక్కింది. అతని మోకాలికి బంపరుకి మధ్య జానెడు కూడా లేదు.

"వదినా, దణ్ణం పెడతాను, వెళ్ళిపో. నా ఉద్యోగానికి ఎసరొస్తుంది."

"నీ ఉద్యోగం సంగతి నాకు తెలుసు. నా ఉద్యోగం ఏమైందో నువ్వెప్పుడైనా అడిగావా? ఆ రంగులేసే మనిషి చెయ్యి ఎలా ఉందని అడిగావా?"

"దానికి నేనేం చేశాను?"

మేనేజరు మెట్ల మీదికి వచ్చాడు. "పట్టీలు రాలేదని ఎన్నిసార్లు చెప్పాలి మేడమ్ మీకు?"

క్లచ్చక్క కారు దిగింది. మరిది తల అడ్డంగా ఊపుతున్నాడు, వద్దన్నట్టు. ఆవిడ చూసింది. చూసి కూడా చెయ్యి చాపి అతన్నే చూపించింది.

"వచ్చాయట. వచ్చినవన్నీ కొత్త బళ్ళకి వెయ్యమన్నారట మీరు. ఇదిగో, ఇతనే చెప్పాడు."

ముంగిట్లో ఉన్నవాళ్ళందరూ విన్నారు. సర్వీసుకొచ్చిన ఒకాయన, "అయితే నాకూ అబద్ధమే చెప్పారా?" అని మేనేజరు మీదికి వెళ్ళాడు. ఇంకొకావిడ ఫోన్ తీసి వీడియో పట్టింది. మేనేజరు ఆ వైపు చూడలేదు. మరిదినే చూస్తున్నాడు.

మధ్యాహ్నానికల్లా ఆవిడ కారుకి కొత్త పట్టీలు పడ్డాయి. టేపు పీకేటప్పుడు రంగు పెచ్చు లేచిందని ఆవిడ అంటే, "టేపేసింది మేం కాదు" అన్నాడు మెకానిక్. ఆ తర్వాత మిగతావాళ్ళు కూడా బళ్ళు తెచ్చి ముంగిట్లో పెట్టడం మొదలుపెట్టారు. అందరికీ పనైంది. ఒక్కరూ ఆవిడకి కృతజ్ఞతలు చెప్పలేదు. పైగా ఒక పెద్దాయన బజార్లో ఆపి, "మీరు ముందు దూరారు కాబట్టే మాకు ఆలస్యమైంది" అని దులిపాడు.

మరిదిని కౌంటర్ నుంచి తీసేసి, బళ్ళు కడిగే చోట వేశారు. మెడలో కార్డు లేదు, పాలిష్ బూట్లు లేవు. నెల తిరగకుండా మానేశాడు. అత్తగారు తన మంచం, మందులపెట్టె తీసుకుని కింది వాటాకి మారిపోయింది. "కడుపు కొట్టింది నా కొడుకుది" అని మెట్ల దగ్గర నిలబడి వీధంతా వినబడేలా అంది. క్లచ్చక్క పై నుంచి వింది. కిందికి రాలేదు.

ఎన్నడూ నోరెత్తని భర్త ఆ వేళ అడిగాడు. "కోపంలో నోరు జారావా, కావాలనే అన్నావా?"

"కావాలనే" అంది.

ఆయన కింది వాటాకి మాత్రం రోజూ వెళ్ళి వచ్చేవాడు. అక్కడేం మాట్లాడుకునేవాళ్ళో ఆవిడ అడగలేదు.

శిష్యులు మెల్లగా మళ్ళీ వచ్చారు. ఆ గొడవ వీడియో చూసి వచ్చినవాళ్ళే ఎక్కువ. పార్లర్ ఆవిడ పరీక్ష పాసైంది. ఏడాది గడిచింది. ఒకరోజు క్లాసు మధ్యలో టైరు పంక్చరైతే దగ్గర్లో కనబడిన టైర్ల షాపుకి బండి నడిపించింది. లోపల నుంచి చేతులు తుడుచుకుంటూ మరిది వచ్చాడు. ఒకే ఇంట్లో ఉన్నా ఎదురుపడకుండా తిరుగుతున్న మనిషి అక్కడ చేరాడని ఆవిడకి తెలియదు. ఇంట్లో ఎవరూ చెప్పలేదు.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. బాగా చిక్కిపోయాడు.

అతను వెనక్కి తిరిగి, "ఈ బండి నువ్వు చూడరా" అని తోటి పనివాడితో చెప్పి, గోడ దగ్గర పాత టైరు మీద కూర్చున్నాడు. పనివాడు పంక్చరు వేసి, చక్రం ఎక్కించి, నట్లు బిగించాడు. క్లచ్చక్క డిక్కీలోంచి తన సొంత పానా తీసి, వంగి ఒక్కొక్క నట్టూ మళ్ళీ బిగించి చూసుకుంది. ఎవరు బిగించినా తనొకసారి చూసుకోవడం బైపాస్ రోడ్డు తర్వాత ఆవిడకి పట్టుకున్న అలవాటు. ఆ మాట అతనితో అనవచ్చు. అనలేదు.

ఆవిడ నట్లు బిగించడం చూసి మరిది లేచి, తుపుక్కున ఉమ్మి, లోపలికి వెళ్ళి షట్టరు సగానికి దించేశాడు.

"ఎక్కమ్మా" అంది క్లచ్చక్క, పక్కన నిలబడి చూస్తున్న శిష్యురాలితో. "అద్దాలు సరిచూసుకుని తియ్యి."