నూనె కారే కారులో దివిసీమ దాకా

“కారు కింద అట్ట వేశావా?” అన్నాడు మా ఆయన.

“వేశాను, పడుకోండి,” అన్నాను.

మా ఇద్దరి ఆఖరి మాటలు అవే. తెల్లారేసరికి ఆయన లేడు. అట్ట మీద మాత్రం ఎప్పటిలాగే రెండు నల్ల చుక్కలు పడి ఉన్నాయి.

పెళ్ళయిన నాటి నుంచీ ఆయన బందరులో కిరాయి కారే నడిపాడు. ఆయన పోయాక బండి వానాకాలమంతా రేకుల షెడ్డులో ఊరికే నిలబడింది. దాన్ని తను నడుపుకుని బతకాలని మా తమ్ముడి కూతురు కరుణకి ఆశ. లైసెన్సు కూడా తెచ్చుకుంది. నేను చెబుతుంటే ఇదంతా రాస్తున్నది అదే. నాకు సంతకం వరకే వచ్చు.

తీరా బండి బయటికి తీస్తే ఆ రెండు చుక్కలు కాస్తా ధారయ్యాయి. బందరు మెకానిక్కు ఇంజను మూత సందులో ఉండే ప్యాకింగు రెండుసార్లు మార్చాడు, రెండుసార్లూ కారింది. “ఇంజను అరిగిపోయిందమ్మా, పాత ఇనుముకి ఇచ్చెయ్యండి,” అన్నాడు. చిలకలపూడి నుంచి ఒకాయన కొంటానని వచ్చి, మంగళవారం సాయంత్రానికి మాట చెప్పమన్నాడు. మా ఆయన నమ్మిన మెకానిక్కు బాషా గారు గుడివాడలో ఉన్నారు. అంత దూరం ఈ బండి రాదని అందరూ భయపెట్టినా, ఆ మంగళవారం పొద్దున ఆరున్నరకి బయల్దేరాం. వెనక సీట్లో రెండు నూనె డబ్బాలు పెట్టుకున్నాం.

పెడన దాటాక మోటారు సైకిలు మీద ఒకాయన పక్కకొచ్చి, “అక్కయ్యా, మీ బండి దారంతా చుక్కలు పెట్టుకుంటూ వస్తోంది,” అన్నాడు.

“తిరిగి ఇంటికెళ్ళడానికి గుర్తులే తమ్ముడూ,” అన్నాను.

గుడ్లవల్లేరులో ఆగి మేం ఇడ్లీ తిన్నాం, బండికి ఒక డబ్బా నూనె పోశాం. ఆ దారిన వెళ్ళేవాళ్ళు అక్కడే తినడం మంచిది. గుడివాడలో ఆ వేళకి కూర్చోవడానికి చోటు దొరకదు.

బాషా గారు బండి మూత ఎత్తి చూసి మొహం చిట్లించారు. “అన్న ఉండగా ఈ బండి మీద ఇంత మురికి చూళ్ళేదు వదినా.”

“అన్న ఉంటే మేమెందుకొస్తామండీ మీ దగ్గరికి?”

ఆయన నవ్వి పనిలోకి దిగారు. చుక్క ఎక్కడ పడుతోందో చూసి మోసపోకూడదట. నూనె పైనెక్కడో పుట్టి, గాలికి వెనక్కి పాకి, దొరికిన అంచు పట్టుకుని జారుతుందట. అందుకని ముందు ఇంజనంతా డీజిలుతో, కుంచెతో కడిగారు. గాలి కొట్టి ఆరబెట్టారు. తర్వాత పౌడరు ఉందా అని అడిగారు.

“ఏ పౌడరండీ?”

“మొహానికి రాసుకునేదేనమ్మా.”

కరుణ హ్యాండుబ్యాగులోంచి డబ్బా తీసిచ్చింది. ఆయన ఇంజను మీద తెల్లగా చల్లారు.

“పెళ్ళికూతుర్ని చేస్తున్నారా?” అన్నాను.

“పెళ్ళికూతురికి చెమట ఎక్కడ పోస్తోందో తెలియాలిగా వదినా.”

ఇంజను ఆన్ చేసి ముగ్గురం తలలు వంచి చూశాం. మొదట ఇంజను పైమూత అంచున పౌడరు తడిసి నల్లబడింది. కాసేపటికి ముందు పక్క, ఆ తర్వాత వెనక. బాషా గారు బండి ఆపేశారు.

“ఒక్కచోటైతే ప్యాకింగు అనేవాణ్ణి. మూడు చోట్లా తోస్తోందంటే లోపల గాలి నిండిపోతోంది. ఇంజను లోపలి బోరు అరిగిపోయినట్టుంది వదినా.”

బందరులో చెప్పిందే ఇక్కడా చెప్పారు. కరుణ అటు తిరిగి నిలబడింది. నాకు మాత్రం మింగుడు పడలేదు.

“ఆయన నడిపినన్నాళ్ళూ బాగున్న బోరు, షెడ్డులో నిలబడితే ఎలా అరుగుద్దండీ?”

“అదీ నిజమే,” అని ఆయన గడ్డం గోక్కున్నారు. బండి మళ్ళీ ఆన్ చేయించి, ఇంజను ఊపిరి వదిలే రబ్బరు గొట్టం చివర అరచెయ్యి పెట్టి చూశారు. ఊపిరి తగల్లేదు. గొట్టం ఊడదీసి తడితే మట్టి రాలింది.

“కుమ్మరిపురుగు గూడు. గాలి బయటికి పోయే దారి లేక నూనెని తోస్తోంది,” అన్నారు.

కరుణ తల దించుకుంది. కుమ్మరిపురుగు గూడు కట్టిన ఇంట్లో పిల్లలు పుడతారని మా వైపు అంటారు. పెళ్ళయి ఇన్నేళ్ళయినా దానికి కడుపు పండలేదు. వానాకాలమంతా షెడ్డులో పురుగులు గూళ్ళు కడుతుంటే, చీపురుతో ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు. ఒకటి గొట్టంలో దూరిందని దానికేం తెలుసు? ఈ ముక్క రాయనంటోంది. రాయవే, ఇందులో సిగ్గేముంది.

బాషా గారు స్క్రూడ్రైవరు పట్టుకుని ఆగారు. “పగలగొట్టనా అమ్మాయ్?”

కరుణ గొట్టాన్ని వెలుగుకి పెట్టి చూసింది. మట్టి పైపొరకి చిన్న చిన్న బెజ్జాలున్నాయి, అడుగు గట్టిగానే ఉంది. “పిల్లలు ఎగిరిపోయాయి మావయ్యా. తీసెయ్యండి.”

గొట్టం శుభ్రం చేసి, పైమూతకి కొత్త ప్యాకింగు వేసి, ఇంజను తుడిచి, మళ్ళీ పౌడరు చల్లారు. “ఇక్కడ చూస్తే చాలదు, బాగా వేడెక్కాలి. దూరం పోయి మూతెత్తి చూసుకోండి. తెల్లగా ఉంటే బండి మీది. నల్లబడితే చిలకలపూడి ఆయనది.”

“సముద్రం దాకా పోదామత్తా,” అంది కరుణ.

పామర్రు, చల్లపల్లి, అవనిగడ్డ మీదుగా వెళ్ళాం. కోడూరు దాటాక దారి ఇరుకు, ఎదురుగా రొయ్యల లారీ వస్తే మనమే పక్కకి దిగాలి. దారంతా ఇద్దరం ఇంజను మాటే విన్నాం. దివిసీమ కొసన పాలకాయతిప్ప తీరం చేరేసరికి మూడయింది. అందరూ చెప్పులు విప్పి నీళ్ళ వైపు పరిగెడుతుంటే మేం సముద్రానికి వీపు పెట్టి బండి మూత ఎత్తాం.

పైమూత తెల్లగా ఉంది. వెనక తెల్లగా ఉంది. ముందు పక్క గోరంత మచ్చ.

“ఆ మాత్రం చెమట నాకూ పడుతుంది,” అన్నాను. కరుణ నవ్విందో ఏడ్చిందో గాలిలో తెలియలేదు.

అక్కణ్ణించే చిలకలపూడి ఆయనకి ఫోను చేశాం. “నూనె కారే బండిని ఏం చేసుకుంటారమ్మా?” అన్నాడు. “నడుపుకుంటాం బాబూ,” అన్నాను. అప్పుడు వెళ్ళి వేయించిన చేపలు తిన్నాం.

తిరుగుదారిలో చల్లపల్లి సెంటర్లో ఒకావిడ చెయ్యెత్తింది. పక్కన కాలికి కట్టుతో వాళ్ళాయన. “బస్సు వెళ్ళిపోయిందమ్మా. బందరు కిరాయికొస్తారా?”

కరుణ నా వైపు చూసింది.

“నన్నడుగుతావేంటే? తోలేది నువ్వు.”

“ఎక్కండి పిన్నీ,” అంది కరుణ, కాస్త గొంతు సవరించుకుని.

కాలు చాపుకోవడానికి ఆయనకి ముందు సీటిచ్చి, నేను ఆవిడ పక్కన వెనక్కి మారాను. ఇన్నేళ్ళూ మా ఆయన పక్కనే కూర్చున్నదాన్ని, ఆ బండిలో వెనక కూర్చోవడం అదే మొదలు. అక్కణ్ణించి రోడ్డు సరిగా కనపడదు. నడిపేవాళ్ళ మెడా, భుజాలూ కనపడతాయి. కరుణ భుజాలు మొదట బిగుసుకుని ఉన్నాయి. బందరు దగ్గరపడేసరికి అవి కిందికి దిగాయి.

“మీ అమ్మాయాండీ?” అనడిగింది ఆవిడ.

“మేనకోడలు. బాగా తోల్తుంది,” అన్నాను, ముందుకి వినపడేలా.

ఇంక చాల్లే, కలం పెట్టెయ్. ఏం రాశావో మొదటి నుంచి చదివి వినిపించవే. నెమ్మదిగా చదువు.