బర్రెకు అతకని పద్యం

నా చిన్నప్పుడు మా హుస్నాబాద్ వైపు పెళ్ళిళ్ళలో పంచరత్నాలు చదివేవారు. పెళ్ళికొడుకు స్నేహితులు వధూవరులను పొగుడుతూ అయిదు పద్యాలు గులాబీరంగు కాగితం మీద అచ్చు వేయించి, అద్దం కట్టించి తెచ్చి, పందిట్లో గొంతెత్తి చదివేవారు. ఎంత చిన్న రచనైనా దాని దర్జా దానిదే.

పక్కింటి అక్కకు పెళ్ళి కుదిరింది. "ఆయన తరఫున దోస్తులు సదువుతరు. నా తరఫున ఎవరున్నరే? నువ్వు రాయరాదు" అంది నాతో. ఏడో తరగతి పిల్లను, నా కాళ్ళు నేల మీద ఆనలేదు. అక్క కళ్ళు విశాలమని, నడక నిదానమని, చూపు చల్లనని, మనసు పాలవంటిదని, ఆమె ఉన్న ఇల్లు లక్ష్మీనివాసమని అయిదు పద్యాలూ రాసేశాను.

మా తాత విని తల ఊపాడు. కాగితం పట్టుకుని నేరుగా కొట్టంలోకి నడిచి, 'మా అక్క' అన్నచోటల్లా 'మా బర్రె' అని పెట్టి రాగం తీసి చదివాడు. అన్నీ చక్కగా అతికాయి! బర్రె కూడా నెమరు ఆపి విన్నది. నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

"మంచిగనే రాసినవ్ బిడ్డా. గని గిండ్ల మీ అక్క యాడుంది?" అన్నాడు.

అన్నీ కొట్టేసి మళ్ళీ కూర్చున్నాను. ఈసారి ఒక్క పద్యమే వచ్చింది. మక్కచేనులో మంచె ఎక్కి అక్క ఈల వేస్తే చిలుకలన్నీ పక్క ఊరికి పారిపోతాయని అందులో రాశాను.

పందిట్లో వాళ్ళ అయిదూ అయ్యాక నా ఒక్కటీ చదివాను. ఈల మాట వచ్చేసరికి అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అక్క వాళ్ళమ్మ ముఖం మాడిపోయింది. అత్తగారివాళ్ళ ముందు కొత్త పెళ్ళికూతురి పరువు తీశాననుకుని కాగితం ముఖానికి అడ్డం పెట్టుకున్నాను. ఇంతలో పెళ్ళికొడుకు అక్క వైపు వంగి, "నిజమేనా? జర ఒక్కపారి ఎయ్యరాదు" అన్నాడు. అక్క తల వంచుకునే రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుంది. ఆ ఈలకు పందిరంతా ఘొల్లున నవ్వింది, వాళ్ళమ్మతో సహా.

ఇప్పుడు పెళ్ళి దీవెనలన్నీ ఫోన్లలోనే. రెండు ముక్కలు రాసిపెట్టమని మనవరాళ్ళు నన్నే అడుగుతారు. రాశాక, పెళ్ళికూతురి పేరు తీసేసి మా బర్రెను పెట్టి ఒకసారి చదువుకుంటాను. అతికిన మాటనల్లా కొట్టేస్తాను. ఒక్కోసారి ఒక్క వాక్యమే మిగులుతుంది. సంతోషంగా అదే పంపిస్తాను.