ధనరాజ్ సొంత పాట

ఆ రోజు ధనరాజ్ మేడ దిగి వచ్చింది బెల్లం లారీ ఇంజను ఆపమని అడగడానికి. అతని స్టూడియో బెల్లం గొడౌను మీద గది. కింద లారీ ఆగితే పైన మైకులోకి ఆ గుర్రుమన్న చప్పుడంతా వచ్చేస్తుంది. లోడు దించుకునేవాళ్లకు ఇదంతా అలవాటే.

"మామా, కూసింత సేపు బండి ఆపుతావేటి? పైన ఎండుచేపలు అమ్మాల" అన్నాడట.

"ఎండుచేపలేటి? నీ పాటలేటయిపోనాయి?" అన్నాడు డ్రైవరు.

"పాటకి బేరం లేదు. చేపకున్నాది."

డ్రైవరు నవ్వి ఇంజను ఆపాడు. ధనరాజ్ పైకి వెళ్లి ఎండుచేపల ఆటోకి ప్రకటన రికార్డు చేశాడు. బేరమాడే ముసలమ్మ గొంతూ అతనిదే, ధర తగ్గించనంటున్న వ్యాపారి గొంతూ అతనిదే. చివర్లో వచ్చే డప్పు కూడా అతనే వాయించాడు. పని పూర్తిచేసి ఆటో అతనికి ఫోనులో పంపించాడు. భోజనానికి రాలేదేమని భార్య పావని మేడెక్కి చూసేసరికి గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. గుండెపోటు అన్నారు డాక్టర్లు. నలభై ఆరేళ్లు నిండలేదు.

ధనరాజ్ నా భార్య వరహాలక్ష్మికి తమ్ముడు. నేను కథలు రాస్తానని, పాటలో మాట ఎక్కడైనా కుంటితే ముందు నాకే వినిపించేవాడు. నేను మార్చమన్న మాటలు దాదాపు ఎప్పుడూ మార్చేవాడు కాదు. "నీది పుస్తకంలో మాట బావా, నాది మైకులో మాట" అనేవాడు.

వాళ్లది కె. కోటపాడు దగ్గర పల్లె. తండ్రి తప్పెటగుళ్ళు ఆడేవాడు. గుండె మీద తప్పెట కట్టుకుని, కాళ్లకు గజ్జెలతో ఎగురుతూ, రాత్రంతా పాడే బృందంలో ఆయన వంత పాటగాడు. ముందు పాడేవాడు ఒక చరణం అందుకుంటే, వెనకవాళ్లంతా అదే తిరిగి అందుకోవాలి. ధనరాజ్‌కు తాళం అక్కడ వచ్చింది. అంతా మెచ్చుకునేది ముందు నిలబడ్డవాడినే అన్నది కూడా అక్కడే తెలిసింది. ఐటీఐ చదివి పరవాడలో ఒక మందుల కంపెనీలో ఫిట్టరుగా చేరాడు. తెల్లారకుండా కంపెనీ బస్సు ఎక్కడం, షిఫ్టు చేసి వచ్చి పడుకోవడం. సెలవు రోజుల్లో పెళ్ళి ఆర్కెస్ట్రాల్లో కీబోర్డు వాయించేవాడు. తబలా ఆయన రాకపోతే తబలా వాయించేవాడు. పాటగాడు రాకపోతే పాడేవాడు. కొన్నేళ్లకు ఉద్యోగం మానేసి అనకాపల్లిలో ఆ గది తీసుకున్నాడు.

స్టూడియో అంటే నురుగు పలకలు అంటించిన గోడలు అనుకుంటారు చాలామంది. ధనరాజ్ కింద గొడౌనులో పడేసిన గోనెసంచులు తెచ్చి, పాత బొంతలతో కలిపి నాలుగు గోడలకూ మేకులతో కొట్టాడు. శబ్దం బాగానే ఆగింది కానీ సంచులకు అంటుకున్న బెల్లానికి చీమలు బారులు కట్టాయి. కీబోర్డు మెట్ల సందుల్లోకి దూరాయి. ఒక పెళ్ళి పాట మధ్యలో 'ప' పలకడం మానేసింది. విప్పి చూస్తే లోపల చీమల సంసారం. గోడలన్నీ విప్పి సంచులు ఉతికి, మళ్లీ కొట్టాడు. ఆ తరువాత కూడా వర్షం పడ్డప్పుడు ఆ గదిలో పాకం వాసన వచ్చేది.

ఆ గదిలో అతను చేయని పాట లేదు. బారసాల, పెళ్ళి, బడి వార్షికోత్సవం, కోళ్ల దుకాణం, జాతర. మాట రాయడం, బాణీ కట్టడం, వాయించడం, రికార్డు చేయడం, గొంతుల హెచ్చుతగ్గులు సరిచేయడం, అన్నీ ఒక్కడే. పంచాయతీ ఎన్నికలప్పుడు ఒకే ఊళ్లో పోటీ పడుతున్న ఇద్దరికీ పాట చేయవలసి వచ్చింది. టైము లేక ఒకే బాణీకి పేర్లు మార్చి ఇచ్చేశాడు. రెండు ఆటోలూ వీధి మలుపులో ఎదురుపడ్డాయి. ఫలితాలు వచ్చిన మర్నాడు ఓడినాయన ఫోను చేసి, "ఏటి ధనరాజూ, ఆడికి ఓటెయ్యమని కూడా నా పాటే పాడినాది" అంటే, "బాణీది తప్పు కాదు బాబూ, జనానిది" అన్నాడు. ఆయన నవ్వేశాడు. ధనరాజ్ మీద కోపం నిలిచేది కాదు.

ఇంత చేసినా అతని గొంతుతో, అతని పేరుతో బయటికి వచ్చిన పాట ఒక్కటీ లేదు. వాళ్ల పనిలో ఒక పద్ధతి ఉంది. పాట తయారవుతున్నప్పుడు బాణీ కట్టినవాడు ముందు తన గొంతుతో పాడి పెడతాడు. దాన్ని ట్రాక్ అంటారు. పాడవలసిన మనిషి వచ్చి దాన్ని వింటూ పాడతాడు. ఆ తరువాత ట్రాక్ తీసేస్తారు. ధనరాజ్ ఆ గదిలో ఎన్ని వందల పాటలు పాడాడో, అన్నీ అలా చెరిపేసినవే. ఎప్పటికైనా ఒక్కటి చెరపకుండా ఉంచాలని అతని కోరిక. పెద్ద పేరు రావాలని అనేవాడు కాదు. "నా పాట నా గొంతులో ఒకటుండాల బావా. ఆ తరవాత ఎన్ని ఎండుచేపలైనా అమ్ముతాను" అనేవాడు.

ఆ పాట ఏదో కూడా నిర్ణయమైపోయింది. కంపెనీకి వెళ్లే రోజుల్లో బస్సులో కట్టుకున్నది.

*కంపినీ బస్సు ఎలిపోనాది*
*సీటులో నా నిద్దరుండిపోనాది*

అలా మొదలవుతుంది. బస్సు దిగిన మనిషి, తన నిద్ర ఇంకా ఆ సీట్లోనే కూర్చుని ఊళ్లన్నీ తిరుగుతోందని అనుకుంటాడు. నేను కథల్లో ఇలాంటి మాట ఒక్కటి రాయలేకపోయాను. బాణీలో వాళ్ల నాన్న తప్పెట నడక ఉంటుంది. ఒకచోట ఆగినట్టు ఆగి, ఎగిరి అందుకుంటుంది. ఆ పాటను ఏళ్ల తరబడి చెక్కుతూ కూర్చున్నాడు. ఎవరి పనైనా మధ్యలో వస్తే దాన్ని పక్కన పెట్టేవాడు. ఎవరి పనో ఒకటి ఎప్పుడూ వస్తూనే ఉండేది.

కుమారి అలా వచ్చింది. కోటవురట్ల అమ్మాయి. చెరుకు రైతుల కుటుంబం. పెళ్ళిళ్లలో వెనక నిలబడి పాడేది. ఉగాది ముందు వచ్చే కొత్త అమావాస్య జాతరకు అమ్మవారి పాట ఒకటి ఆమెతో పాడించడానికి, నెట్‌లో పాటల ఛానల్ నడిపే ఒకాయన ఒప్పుకున్నాడు. జాతర దగ్గర పడింది. ధనరాజ్ కట్టిన రెండు బాణీలూ కుదరలేదు. కుమారి గొంతు పైకి వెళ్లినకొద్దీ బాగుంటుంది, ఆ బాణీలు కిందే తిరుగుతున్నాయి.

"అన్నియ్యా, ఈ పాట ఒగ్గీ. నాకు రాసి పెట్టి లేదు" అని కుర్చీలోంచి లేచింది కుమారి.

"కూకో" అన్నాడు ధనరాజ్. కీబోర్డు మీద బస్సు పాట వాయించాడు. ఆ పూటే దానికి అమ్మవారి మాటలు రాశాడు. మర్నాటికి పాట సిద్ధమైంది.

మా వైపు అమ్మవారి పాటకు ఒక ఆచారం ఉంది. బయటికి వదిలే ముందు గుడి దగ్గర వినిపిస్తారు. ఇప్పుడు పెన్‌డ్రైవుకే పసుపు, కుంకుమ పెట్టి, అమ్మవారి పాదాల దగ్గర ఉంచి, తీసి మైక్‌సెట్‌కి పెడతారు. అక్కడ ఉంచిన పాటను ఇక ఎవరూ నాది అనరు. ధనరాజ్ కూడా ఆ పెన్‌డ్రైవుకి తన చేత్తోనే బొట్టు పెట్టాడు.

పాట ఎగిరింది. ఆ ఏడు జాతర వీధుల్లో, ఆటోల్లో, చెరుకు బండ్ల మీద ఫోన్లలో అదే. కుమారికి ఊరూరా ప్రోగ్రాములు వచ్చాయి. వీడియో కింద సంగీతం అన్నచోట ఛానల్ ఆయన తన తమ్ముడి పేరు వేసుకున్నాడు. వరహాలక్ష్మి అది చూసి తమ్ముడి మీద మండిపడింది.

"నీ పేరేదిరా అందులో?"

"అమ్మోరి పేరున్నాది కదే అక్కా. సాలదేటి?"

"అమ్మోరు సంగీతం కట్టిందేటి?"

ధనరాజ్ ప్లేటులో ఇడ్లీ మీద చట్నీ సరిగ్గా పరుచుకుంటూ కూర్చున్నాడు.

మూడు నాలుగు జాతరలు గడిచాక పావని పట్టుబట్టింది. ఇక వాయిదా వేయవద్దని వచ్చిన బేరాలు తనే వెనక్కి పంపింది. ధనరాజ్ బస్సు పాటను తన గొంతుతో పాడాడు. బస్టాండు దగ్గర తెల్లవారుజామున బస్సులు కదిలే వీడియో తనే తీశాడు. తన పేరుతో ఛానల్ తెరిచి పాట నెట్‌లో పెట్టాడు. ఆ ఉదయం మా ఇంటికి వచ్చి, ఫోను టేబుల్ మీద పెట్టి, తను వరండాలో నిలబడ్డాడు. ఎదురుగా కూర్చుని వినడానికి సిగ్గు. పాట అయిపోయాక లోపలికి తొంగి చూసి, "ఏటి బావా, మైకులో మాట బాగున్నాదా?" అన్నాడు. అతని ముఖంలో అంత వెలుగు నేను మళ్లీ చూడలేదు.

మధ్యాహ్నానికి పాట ఆగిపోయింది. ఇది వేరొకరి పాట అని నోటీసు. బాణీ, వాయిద్యం అమ్మవారి పాటతో సరిపోయాయని, దాని హక్కు ఆ ఛానల్‌దని ఉంది. కింద రెండు మీటలు. ఒకటి ఒప్పుకుంటున్నానని, రెండోది అభ్యంతరం ఉందని.

సాయంత్రం మేము వెళ్లేసరికి మొగుడూ పెళ్ళాల మధ్య అదే మాట నడుస్తోంది.

"నొక్కు మావా" అంటోంది పావని. "నీ పాట నీది కాదని ఎవడో అంటే ఊరుకుంటావేటి?"

"నొక్కితే తగువే. తగువన్నాక ఒకలు నిలబడితే ఇంకొకలు పడాల. నాది పైకొత్తే అది దిగిపోద్ది."

"దిగనీ. నీ పేరెయ్యని పాట ఉంటే ఏటి, పోతే ఏటి?"

"ఆ కుమారి గుంట దాని మీదే బతుకుతున్నాది పావనీ. ప్రోగ్రామ్‌కి ఎల్తే ముందు ఆ పాటే అడుగుతారు. అయినా అమ్మోరి ముందెట్టిన పాటని నా సేత్తో నేను దింపమంటావేటి?"

నేను అన్నాను, "అమ్మవారికి ఇచ్చింది బాణీ కదా ధనరాజూ. ఈ మాటలు నీవి, గొంతు నీది."

"కొబ్బరికాయ కొట్టీసేక, నీళ్ళు నావి చిప్ప నీది అంటారేటి బావా?" అన్నాడు.

ఎవరికీ నవ్వు రాలేదు. అతనే కొంచెం నవ్వి, ఫోను బోర్లా పెట్టాడు. ఇంకో పాట కడతానన్నాడు.

తరువాత చాలా బాణీలు కట్టాడు. అన్నీ మంచివే, అన్నీ ఎవరో ఒకరికి ఇచ్చేశాడు. తనకని కూర్చున్నప్పుడు మాత్రం ఎంత దూరం వెళ్లినా చేయి ఆ బస్సు పాటలోకే తిరిగి వచ్చేదట. పావని చెప్పింది. ఒకసారి నేను ఉండగానే, వాయిస్తున్నవాడు ఠక్కున ఆగి, కీబోర్డు మీద గుడ్డ కప్పేసి, "టీ తాగొద్దాం రా బావా" అన్నాడు. టీ కొట్టు దగ్గర ఆటోలో కుమారి పాట వినిపిస్తుంటే వేళ్లతో గ్లాసు మీద తాళం వేశాడు. కుమారికి మాత్రం ఈ గొడవ తెలియనివ్వలేదు. తెలిస్తే ఆ పాట పాడటం మానేస్తుందని భయం.

పెద్దకర్మ అయిన కొన్నాళ్లకు రామ్‌గోపాల్ వచ్చాడు. ఒకప్పుడు ఆర్కెస్ట్రాలో ధనరాజ్ పక్కన గిటారు వాయించినవాడు. ఇప్పుడు విశాఖపట్నంలో సొంత స్టూడియో ఉంది. కంప్యూటరులో పాటలన్నీ జాగ్రత్తగా తీసి ఇమ్మని పావని పిలిపించింది. వెతికితే వందల పాటలు దొరికాయి, ధనరాజ్ గొంతు మాత్రం ప్రకటనల్లో తప్ప లేదు. ట్రాకులన్నీ ఎప్పటికప్పుడు తీసేశాడు. బస్సు పాట ఒక్కటే మిగిలింది. అది కూడా నెట్‌లో ఆ నోటీసు కింద, ఎవరికీ కనిపించకుండా ఉంది.

రామ్‌గోపాల్ ధనరాజ్ ఫోనులో ఆ నోటీసు తెరిచి చూశాడు. చాలాసేపు పైకీ కిందికీ జరిపాడు.

"దీనికి అభ్యంతరం పెట్టలేదేటి వదినా?"

"పెట్టనన్నాడు. పెడితే కుమారి పాట దిగిపోద్దన్నాడు."

"ఎవరు సెప్పేరు?"

"ఎవలూ సెప్పలేదు. తగువు కదా అని."

రామ్‌గోపాల్ ఫోను నా వైపు తిప్పాడు. అభ్యంతరం పెట్టాక అవతలివాళ్లు నెలరోజుల్లో జవాబు ఇవ్వకపోతే పాట దానంతటదే తిరిగి వస్తుందని అక్కడే చిన్న అక్షరాల్లో ఉంది. జవాబు ఇచ్చే మనిషి కూడా లేడన్నాడు. ఆ ఛానల్ ఆయన నోటీసు వచ్చేనాటికే పాటలు వదిలేసి గాజువాకలో టైల్స్ కొట్టు పెట్టుకున్నాడట. రెండు పాటలనూ పోల్చి నోటీసు పంపింది యంత్రం.

పావని చీరకొంగు వేలికి చుట్టుకుంటూ అడిగింది.

"మరి అప్పుడే నొక్కి ఉంటే... కుమారి పాట?"

"అదెక్కడికీ పోదు వదినా" అన్నాడు రామ్‌గోపాల్. "ఇది నొక్కితే మన పాట సంగతే సూత్తారు, దాని జోలికెల్లరు. రెండూ ఉండేవి."