‘ఏరు’ అంటే ఏమిటని పోలీసు అడిగాడు

పుస్తకాల్లో ‘వేరు’ అని రాసే మాటని బటాంగ్ బెర్జుంటై అనే ఊళ్ళో మా పెదనాన్న ఇంట్లో ‘ఏరు’ అంటారు. బియ్యంలో రాళ్ళు ఏరు చేస్తారు. పెళ్ళయిన కొడుకు కాపురం మార్చితే ఏరు పడ్డాడంటారు. తమలో కలుపుకోవడం ఇష్టం లేనివాళ్ళ గురించి మాత్రం గొంతు తగ్గించి, “ఆళ్ళు ఏరు” అంటారు.

పెదనాన్న పామాయిల్ తోటలో గెలలు కోసి రిటైరైన మనిషి. ఆయన కొడుకు, మా అన్నయ్య, తనతో ఫ్యాక్టరీలో పనిచేసే తమిళమ్మాయిని రిజిస్టర్ పెళ్ళి చేసుకుని ఇంటికి తెచ్చాడు. పెదనాన్న వద్దనలేదు. కాని ఆమె కులమేమిటో ఎవరో ఆయన చెవిన వేశారు. మర్నాడే ఒక ప్లాస్టిక్ కంచం కొనుక్కొచ్చి వంటింటి కిటికీలో పెట్టాడు.

ఒక ఆదివారం నేను సైబర్‌జయ నుంచి వాళ్ళింటికి వెళ్ళాను. వదిన అప్పటికి కడుపుతో ఉంది. మధ్యాహ్నం భోజనాల దగ్గర పెద్దమ్మ ఆమెకి మా అందరితోపాటు స్టీలు కంచంలోనే వడ్డించింది.

“ఏటది? ఆ పిల్లకి ఏరే కంచం ఉంది గదా,” అన్నాడు పెదనాన్న.

“కడుపుతో ఉన్న పిల్ల. ఇంక ఆ కంచం తియ్యను,” అంది పెద్దమ్మ.

ఆయన లేచి వదిన ముందున్న కంచాన్ని చేత్తో కొట్టాడు. వేడి పులుసు ఆమె మెడ మీదా చేతుల మీదా పడింది. ఆమె కడుపు పట్టుకుని గోడవైపు జరిగింది.

అన్నయ్య తండ్రిని చెంప మీద కొట్టాడు. పెదనాన్న గోడకి తగిలి, తిరిగొచ్చి కొడుకు గొంతు పట్టుకున్నాడు. బల్ల తిరగబడింది. నేను విడదీయబోతే ఎవరిదో మోచెయ్యి తగిలి నా పెదవి చిట్లింది. అన్నయ్య విడిపించుకుని వెనక వసారాలోకి పోయాడు. గెలలు కోసే పాత కొడవలి అక్కడ ఉంటుంది. దాన్ని పట్టుకుని వచ్చాడు.

“ఇయ్యాల ఏరు సేసెత్తాను,” అన్నాడు. గట్టిగా కూడా అనలేదు.

పెదనాన్న చెయ్యి అడ్డం పెట్టాడు. కొడవలి ముంజేతిలో దిగి ఎముక దగ్గర ఆగింది. రెండోసారి ఎత్తబోయి అన్నయ్య నెత్తుట్లో కాలు జారి పడ్డాడు. వదిన వచ్చి కొడవలి మీద కాలు వేసి నిలబడింది. “ఇక చాలు,” అంది తమిళంలో.

ఆస్పత్రికి వచ్చిన పోలీసు, అన్నయ్య ఏమన్నాడని మలయ్‌లో అడిగాడు. మంచం మీంచి పెదనాన్నే ముందు తెలుగులో జవాబిచ్చాడు. “ఇల్లు ఏరు సేత్తానన్నాడు. ఏరు కాపరం పోతానన్నాడు. అంతే.”

కొడుకుని తప్పించాలని ఆయన తాపత్రయం. మాటకి ఆ అర్థమూ ఉంది. నేను అలాగే మలయ్‌లో చెప్పాను. పోలీసు కట్టు కట్టిన చేతిని చూసి, “ఆ ‘ఏరు’ అంటే ఇంకేమైనా అర్థముందా?” అన్నాడు.

పెద్దమ్మకి మలయ్ అర్థమవుతుంది. “తలా మొండెం ఏరు సేసెత్తానన్నాడు,” అంది నాతో. “నాను కన్నోడే. సంపడానికే ఎత్తినాడు. ఈయన ఆ పిల్ల మీద పులుసు పోసినాడని కూడా సెప్పు.”

“నోరు ముయ్యి,” అన్నాడు పెదనాన్న.

“ఇన్నాళ్ళూ మూసినాను.”

నేను ఒక్క ముక్క వదలకుండా చెప్పాను. చెబుతుంటే చిట్లిన పెదవి నుంచి మళ్ళీ నెత్తురు కారింది.

అన్నయ్యకి జైలు పడింది. పెదనాన్న ఎడమచేతి వేళ్ళు ఇప్పటికీ ముడుచుకోవు. వదిన బ్రిక్‌ఫీల్డ్స్‌లో ఉన్న తన అక్క దగ్గరికి వెళ్ళిపోయింది. పెద్దమ్మ సంచి సర్దుకుని ఆమె వెంటే వెళ్ళింది. పెదనాన్న నాకు ఫోన్ చేసి తిడతాడు, ఆ తర్వాత పాప ఎలా ఉందని అడుగుతాడు. బాగుందని చెబుతాను. పెద్దమ్మ రోజూ పొద్దున్నే కాళ్ళ మీద వేసుకుని దానికి నీళ్ళు పోస్తుంది. అది వీధిలోకి వినబడేలా ఏడుస్తుంది.